పొగ సర్వేలో నా వంతు

మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాడిని. ఊపిరితిత్తుల బొమ్మ కళ్లు మూసుకుని వేయగలను. ఆ పాఠం అవగానే కాలేజీ వెనక, మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ గోడ చాటుకు పోయి సిగరెట్టు కాల్చేవాడిని. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో ఇంత సోంపు వేసుకునేవాడిని కాబట్టి, ఈ సంగతి ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఆ ఏడు ఒక విశ్వవిద్యాలయం నుంచి కొందరు వచ్చారు. కుర్రవాళ్లకు పొగాకు ఎలా అలవాటవుతోందో కనుక్కోవాలి. ఆ పని బయటివాళ్లు వచ్చి చేసిపోవడం కాదు, ఇక్కడివాళ్లే నేర్చుకుని చేయాలి అన్నది వాళ్ల ఆలోచన. కొందరు లెక్చరర్లను, నర్సులను కలిపి శిక్షణ ఇచ్చారు. ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడిగినందుకు నన్ను జట్టు నాయకుణ్ణి చేశారు. అందులో ఒకటి భోజనం ఎన్నింటికని.

ప్రశ్నలను తెలుగు చేసి, జవాబులకు గళ్లు గీసే పని నాకే అప్పగించారు. నిఘంటువు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. ‘గత ముప్పది దినములలో మీరు ధూమపానము గావించితిరా?’ అన్న వాక్యం చూసుకుని నేనే మురిసిపోయాను. మా జట్టులో పెద్దారవీడు వైపు పల్లెల్లో పనిచేసే నర్సు ఒకామె ఉండేది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఇది కుర్రోళ్లను అడగడానికేనా అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం గిద్దలూరులో. ఒక హాస్టల్లో కుర్రవాళ్లను వరసగా నిలబెట్టి నా గంభీరమైన గొంతుతో అడిగాను. అందరూ ముట్టలేదన్నారు. గిద్దలూరు ఎంత బుద్ధిమంతుల ఊరో అని సంబరపడి కాగితాలు పంపించాను. మాకు శిక్షణ ఇచ్చిన ప్రొఫెసరమ్మ వాటిని చూసి, ఇవి కుర్రవాళ్ల గురించి కన్నా అడిగినాయన గురించే ఎక్కువ చెబుతున్నాయని మర్యాదగా అన్నారు. ఇకమీదట నర్సు అడగాలి, నేను జవాబులు లెక్కగట్టాలి అని తేల్చారు.

తరవాతి వంతు మా కాలేజీది. సొంత విద్యార్థుల దగ్గర నేను ఉండకూడదు కాబట్టి స్టాఫ్ రూములో కూర్చున్నాను. ఆమె కుర్రవాళ్లతో పాటు మెట్ల మీద కూర్చుని, ఎవరి ఊరేదో, ఎవరింట్లో ఎన్ని గొర్రెలో అడిగి, ఆ మాటల్లోనే బీడీ సంగతీ అడిగిందట. సాయంత్రానికి పేర్లు లేని కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ‘ఎవరిని చూసి మొదలుపెట్టావు’ అన్నచోట, మూడు కాగితాల్లో ఒకే జవాబు: జువాలజీ సార్‌ను.

తల్లిదండ్రులు, స్నేహితులు, సినిమాలు, ఇతరులు అని నాలుగు గళ్లు పెట్టాను గాని, ప్రశ్నలు రాసినవాడికి గడి పెట్టలేదు. ‘ఇతరులు’లో వేసేస్తే పోతుందనుకుంటూ, ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని ఆమెతో అన్నాను.

"వాళ్లు చెప్పిందే రాసినాను సార్. ఇంగొక మాట గూడా చెప్పినారు. అది రాయలేదు."

ఏంటని అడిగాను.

"ఊపిరితిత్తుల పాఠం అయినాకనే సార్ గోడ వెనక్కి పోతాడంట. నిజంగా అంత ప్రమాదమైతే ఆయనెందుకు పోతాడు అని అన్నారు."

అది కూడా రాయమన్నాను. నా చేతులతోనే ప్రొఫెసరమ్మకు పంపాను. తరవాత అచ్చయిన ప్రశ్నావళిలో ‘అధ్యాపకులు’ అని ఐదో గడి చేరింది. ఆ పరిశోధనలో నా సొంత కృషి అదొక్కటే. నర్సు మాత్రం దర్శిలో జరిగిన తరవాతి శిక్షణలో, ఎలా అడగాలో మా అందరికీ నేర్పింది. నేను వెనక వరసలో కూర్చుని రాసుకున్నాను.

వారం తరవాత క్లాసులో నా అలవాటు సంగతి చెప్పి, మానాలనుకుంటున్నానన్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. బెల్లు కొట్టాక ఒక కుర్రవాడు నా దగ్గరికొచ్చి, నేల చూస్తూ అడిగాడు.

"మానేస్తే తలనొప్పి వస్తది కదా సార్. ఎన్నాళ్లుంటది?"

పుస్తకంలో ఉంది గాని నాకు గుర్తు రాలేదు. తెలియదు, ఇద్దరం కలిసి చూద్దాం అన్నాను. ఆ సోమవారం ఇద్దరం మానేశాం. నేను ఎనిమిదో రోజున ఓడిపోయి ఒకటి కాల్చాను, మానడం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వాడికి ఆ అవసరం రాలేదు.