ఏనుగు విడిచిన నా శుక్రవారపు ఉపవాసం

సహోదరీ సహోదరులారా, మా ఊరు ఐసెలిన్‌లో, ఇంట్లో ఫోను మోగితే నాకంటే ముందు నా గుండె లేచేది, రెండేళ్లు అలాగే గడిచాయి. దూరాన ఫ్రీమాంట్‌ ఊళ్లో ఉద్యోగం చేసే మా అమ్మాయి సునీత, తనకు నచ్చిన అబ్బాయిని పెళ్లి చేసుకుంటానన్న రోజున నేను కోపం ఆపుకోలేక, "ఇక నాకు ఫోన్ చెయ్యకు" అన్నాను. పిల్ల నా మాట విన్నది. చీరల షాపులో తల్లీ కూతుళ్లు కనబడితే చాలు, కొనకుండానే బయటికి వచ్చేసేదాన్ని.

సునీత చిన్నప్పటి నుంచీ నాకు శుక్రవారం ఉపవాసం. మధ్యాహ్నం మూడింటికి అరటిపండుతో విడిచేదాన్ని, ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పండు ఒలిచి ఇచ్చేది సునీతే. తను మాటలాడడం మానేశాక ఆ పండు ఒలుచుకుంటూ, "ప్రభువా, నా బిడ్డ చేత ఫోన్ చేయించు" అని ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో మా సంఘం వాళ్లం కెన్యాలో ఒక బడి పిల్లలకు బట్టలు తీసుకువెళ్లాం. తిరుగు ప్రయాణానికి ముందురోజు, శుక్రవారం, అడవి చూడబోయాం. జీపులో పండ్లు ఉంచవద్దు, ఏనుగులు వాసన పసిగడతాయి అని డ్రైవరు ముందే చెప్పాడు. నా మూడింటి పండు మాత్రం హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నాను.

పొద్దున ఒక సింహం వచ్చి మా జీపు నీడలోనే పడుకుంది, దాని తోక చక్రానికి తగులుతున్న చప్పుడు విన్నాను. మధ్యాహ్నం పిల్లతో ఒక తల్లి ఏనుగు నేరుగా నా దగ్గరికే వచ్చింది. కదలవద్దని డ్రైవరు చెయ్యి చూపాడు. తొండం లోపలికి వచ్చి నా ఒళ్లో ఉన్న బ్యాగును తడుముతోంది, దాని వేడి ఊపిరి నా మెడకు తగులుతోంది. "ప్రభువా, నా సునీతకు నేను ఫోన్ చేసేదాకా నన్ను బతికించు" అన్నాను. అన్నాక నాకే తెలిసింది, రెండేళ్లలో ఆ ప్రార్థన ఒక్కసారీ చెయ్యలేదని.

ఏనుగు పండు తీసుకుంది. అంతలో పొద వెనక పిల్ల అరిచింది. తల్లి వెంటనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మా ఆయన దానయ్య పక్క సీట్లోంచి, "ఉపవాసం ఉన్నది నువ్వు, విడిచింది ఏనుగా మేరీ" అన్నారు. అందరూ నవ్వారు, నేను ఏడ్చాను.

సాయంత్రం లాడ్జిలో ఫోను తీసుకుని నేనే చేశాను. "సునీతా" అన్నాను. అటునుంచి, "అమ్మా, ఇవాళ శుక్రవారం కదా, పండు తిన్నావా?" అంది.

మీలో ఎవరైనా ఫోను కోసం కనిపెట్టుకుని ఉంటే, ప్రార్థించండి, ప్రార్థించి లేచి మీరే చెయ్యండి. ఆ ప్రభువు మీ పక్కన నిలబడతాడు. ఇప్పుడు శుక్రవారం మూడింటికి సునీత ఫోన్ చేసి, "ఒలిచావా అమ్మా?" అంటుంది. ఎదురుగా కూర్చుని తనే ఒలిచి ఇచ్చే రోజు కోసం ఇంకా ఆశతో చూస్తున్నాను. నాకు ఆ ఆశను తిరిగి ఇచ్చిన నా దేవునికే మహిమ.