బ్యాకప్ తీసెయ్

కూతురి ఉద్యోగం ఏమిటని తుంగతుర్తిలో ఎవరైనా అడిగితే, గొర్లు కాసే పెద్దయ్య "నా బిడ్డ మబ్బుల పనిచేస్తది" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలోనూ దామోదర్ సారుకు రక్తపరీక్షల ల్యాబులున్నాయి. ఎవరి రక్తంలో ఏముందో, ఎవరి గ్రూపు ఏదో, ఆ వివరాలన్నీ క్లౌడులో, అంటే ఎక్కడో ఉన్న కిరాయి కంప్యూటర్లో దాస్తారు. రోజూ వాటి నకలు ఒకటి, అంటే బ్యాకప్, పక్కన పెట్టడం, అసలు చెడిపోతే ఆ నకలుతో మళ్లీ నిలబెట్టడం ఆ కూతురు ప్రశాంతి పని.

ఇంటర్నెట్ ఉంటే ఆ పని ఏ ఊళ్లో కూర్చునైనా చేయొచ్చు. కానీ దామోదర్ సారుకు మనిషి కళ్లముందు ఉండాలి. అందుకే పెళ్లయిన నాటినుంచీ ప్రశాంతి సూర్యాపేటలో ఒక గదిలో, భర్త పరశురాములు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఇంకో గదిలో. ఆదివారం ఆదివారం సంసారం. "డేటానేమో మబ్బుల ఉంటదంట, మనిషేమో కుర్చీల ఉండాల్నంట. ఇదేం లెక్కనే?" అని పరశురాములు నవ్వేవాడు. ఈమధ్య ఆ మాట అనడమూ మానేశాడు, నవ్వడమూ మానేశాడు.

చివరికి మేళ్లచెరువు బడిలో కంప్యూటర్ టీచరు ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ముందే చెప్పారు. కాళ్లావేళ్లా పడితే దామోదర్ సారు ఒప్పుకున్నాడు, కోదాడ బ్రాంచిలో ఉన్న రాజ్‌కుమార్‌కు పని నేర్పి పోవాలన్న షరతు మీద. ప్రశాంతి నేర్పింది. కిందటి వారం ఒక నకలు తన ల్యాప్‌టాప్‌లోకి దింపి, కావాలనే చెడగొట్టి, మళ్లీ నిలబెట్టి చూపించింది కూడా. రాజ్‌కుమార్ బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. కొంప ముంచింది ఆ బుద్ధే.

శుక్రవారం సాయంత్రం మేళ్లచెరువు పోయే ఆటో ట్రాలీలో మంచం, గ్యాసు పొయ్యి ఎక్కిస్తూ అతనికి ఫోన్ చేసింది.

"రాజ్, రేపు పొద్దుగాల కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తరు. ఇంటికి పోయేముందు బ్యాకప్ తీసెయ్."

"అన్నీనా అక్కా?"

మూడు బ్రాంచీలవీ కలిపి అడుగుతున్నాడనుకుంది. "ఆఁ, అన్నీ తీసెయ్. జర జల్దీ."

కాసేపటికి మెసేజి వచ్చింది: "తీసేశానక్కా." ఆమె బొటనవేలు బొమ్మ పెట్టి, మంచానికి తాడు బిగించుకుంది.

శనివారం, సూర్యాపేట ల్యాబులో ప్రశాంతి ఆఖరి రోజున, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కింది, ఎక్కీ ఎక్కగానే మూడు ఊళ్ల రక్తాన్నీ కలగాపులగం చేసింది. మిర్యాలగూడ ల్యాబు నుంచి లత ఫోను: "మేడం, బాలనర్సమ్మ రిపోర్టు తెరిస్తే సైదులు బ్లడ్ గ్రూపు వస్తున్నది." కోదాడలోనూ అదే తంతు. దామోదర్ సారు కౌంటర్లు మూయించాడు. తప్పుడు గ్రూపు చూసి దవాఖానలో రక్తం ఎక్కిస్తే మనిషి పోతాడు. "పరేషాన్ కాకండి సార్, నిన్నటిది వాపస్ తెస్త" అంటూ ప్రశాంతి నకళ్లు దాచే చోటు తెరిచింది. అక్కడేమీ లేదు.

"రాజ్, బ్యాకప్ ఏడున్నది?"

"తీసేశాను కదక్కా."

"తీసి ఏడ పెట్టినవ్?"

"పెట్టడమేంటక్కా? తీసేయమన్నారుగా. జాగా నిండిపోయిందని మొన్న మీరే అన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి చోటు కావాలేమో అనుకున్నా. అన్నీనా అని అడిగా కూడా."

తెలుగులో తీయడమంత మోసపు మాట ఇంకొకటి లేదు. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, ఫొటో తీస్తే నిలిచిపోతుంది, దిష్టి తీస్తే వదిలిపోతుంది, ప్రాణం తీస్తే ఇక రాదు. ఇన్నేళ్లుగా ప్రశాంతి ఆ మాటతోనే నకలు పెట్టమని చెప్పేది, ఆ మాటతోనే చెరిపేయమనీ చెప్పేది. ఇన్నాళ్లూ వినేదీ తనే కాబట్టి తేడా రాలేదు.

"ఎవడు ఖతం చేసిండు?" అన్నాడు దామోదర్ సారు.

రాజ్‌కుమార్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే వాడి ఉద్యోగం పోతుంది, అప్పుడు పని అప్పగించడానికి మనిషే ఉండడు. తన తప్పే అంటే, చేసిన తప్పు దిద్దకుండా ఎట్లా పోతావంటారు. అడకత్తెరలో పోకచెక్క అయింది.

"నేనే సార్. తీసెయ్యమని నేనే చెప్పిన."

ఇక మిగిలింది ల్యాప్‌టాప్‌లోని కిందటివారం నకలు ఒక్కటే. దాన్ని నిలబెట్టొచ్చు. కానీ ఈ వారంలో వచ్చిన వాళ్లందరికీ ఫోన్లు చేసి, కాగితాలు తెప్పించి, మిషన్లలో ఉన్న ఫలితాలతో సరిచూసి, ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించాలి. మూడు ఊళ్ల పని. అది సోమవారంలోగా అయ్యేది కాదు. వదిలేసి పోదామంటే, ఎవరో ఒకరి గ్రూపు తప్పుపడితే ఆ పాపం మేళ్లచెరువు దాకా వెంట వస్తుంది.

పరశురాములుకు ఫోన్ చేసింది.

"పొయ్యి బిగించిన," అన్నాడు అతను ఉత్సాహంగా. "రేపు నువ్వొచ్చినంక పాలు పొంగిద్దాం."

చెప్పింది. సోమవారానికి రాలేనని కూడా చెప్పింది.

"బడోళ్లు ఆగుతరా?"

"ఆగరు."

"మరి నువ్వెప్పుడొస్తవ్?"

"తెల్వదు" అంది. అతను కోప్పడలేదు, సరే అని పెట్టేశాడు. రక్తం సీసాలుండే గదిలోకి పోయి ప్రశాంతి ఏడ్చింది. గొర్రెలకైనా సాయంత్రానికి దొడ్డి గేటు తీసేవాళ్లుంటారు, తనకెవరున్నారని ఏడ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని కూర్చుని నకలును నిలబెట్టింది. బాలనర్సమ్మకు బాలనర్సమ్మ రక్తం వచ్చింది, సైదులుకు సైదులుది. మొత్తం వ్యవహారానికి పెద్ద ఎవరో చూపే చోట "అడ్మిన్: ప్రశాంతి" అని వచ్చింది. గురువారమే ఆ పేరు కొట్టేసి రాజ్‌కుమార్ అని రాసింది. కానీ ఈ నకలు కిందటి వారంది, అప్పటికి అదింకా జరగలేదు.

మార్చబోతుంటే వెనకనుంచి దామోదర్ సారు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"గా పేరు గట్లనే ఉండనీ బిడ్డా. నువ్వు లేకుంటే మేమేమైపోదుము?"

కసిరి ఉంటే ఎదురు చెప్పేదే. అంత ప్రేమగా అనేసరికి, ఆమె మీటల మీదున్న చెయ్యి తీసేసింది.