నల్లపిల్లి గారికి నమస్కారములు

ఆ రోజుల్లో ఒక బొమ్మ కోసం మా ఇంట్లో ఆదివారం టిఫిను చల్లారిపోయేది. ఇప్పుడు ఎవరైనా ఫోన్లో బొమ్మ పంపి "ఇదేంటో చెప్పండి" అంటే, చూసి పక్కన పెట్టేస్తున్నాను. ఈ మధ్య చాలా వాటిని అలాగే పక్కన పెట్టేస్తున్నాను. మావయ్య పోయి ఏడాది కూడా కాలేదు కాబట్టి అందువల్లే అనుకుంటున్నారు మావాళ్ళు. కావచ్చు. వయసు కూడా కావచ్చు.

నాకు మొదటి ఉద్యోగం నిడదవోలులో, ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పడం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఆ ఊళ్ళోనే ఎరువుల కొట్టు నడిపేవాడు. అత్తయ్య పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది. "ఎలాగూ ఉద్యోగం అక్కడే కదా, వాడి దగ్గరుండు" అని అమ్మ నన్ను ఆ ఇంటికి పంపింది. మావయ్య కొట్టు నుంచి వచ్చి, అన్నం తిని, టీవీ ముందు కూర్చునేవాడు. టీవీకి గొంతు ఉండేది కాదు. నేను పెంచబోతే "ఎందుకమ్మడూ, బొమ్మ కనపడుతుందిగా" అనేవాడు. కొట్లో దుమ్మని, బిల్లుల కోసం కొన్న కంప్యూటరు ఇంట్లోనే ఉండేది. దాన్ని టెలిఫోను తీగకి కలిపితే కాసేపు కీచుమని ఏడ్చి, బుద్ధి పుడితే ఇంటర్నెట్ ఇచ్చేది. నేను ప్రతి ఆదివారం పొద్దున అందులో ఒక చాట్ రూముకి వెళ్ళేదాన్ని. రకరకాల ఊళ్ళ తెలుగువాళ్ళు చేరి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తూ, బొమ్మల పొడుపుకథలు విప్పే చోటు అది. ఒకరు ఏదో వస్తువులో చిన్న ముక్క ఫొటో పెట్టి, ఒక క్లూ ఇస్తారు. ముందుగా సరైన జవాబు చెప్పినవాళ్ళకి వచ్చే వారం బొమ్మ పెట్టే హక్కు. బహుమతి అంతే. ఎవరూ చెప్పలేకపోతే, చెప్పేదాకా అదే బొమ్మ ఉండిపోతుంది.

మావయ్య మొదటివారం నా వెనక నిలబడి చూశాడు. రెండోవారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. (చాట్ రూములో చొక్కా ఎవరికీ కనపడదని చెప్పాను. "నాకు కనపడుద్దిగా" అన్నాడు.) మూడోవారానికి మనసులో ఉన్నది బయటపెట్టాడు. ఒక్కసారి గెలవాలి. గెలిస్తే అత్తయ్య కుండ బొమ్మ పెట్టాలి. అత్తయ్యది ఆత్రేయపురం. పూతరేకులు తీయడానికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుండ, ఆవిడ పోయాక అటకెక్కింది. "ఎవరికీ తెలీదమ్మడూ. నెల రోజులు దాన్నే చూస్తా కూర్చుంటారు" అన్నాడు. ఆ నెల రోజులే ఆయనకి కావలసింది అని నాకు అర్థమైంది.

కానీ మావయ్య గెలిచే మనిషి కాదు. జవాబులు తెలియక కాదు, మర్యాద వల్ల. ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇలా మొదలుపెట్టేవాడు: "గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారములు. ఇక్కడ మేము క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. నిన్న మాకు వాన పడింది. నల్లపిల్లి గారికి దగ్గు తగ్గిందని ఆశిస్తాను. ఇక బొమ్మ విషయానికొస్తే..." బొమ్మ విషయానికి వచ్చేసరికి ఎవరో చెప్పేసి, అందరూ చప్పట్లు కొట్టేసి, కాఫీలకి లేచిపోయి ఉండేవారు.

"మావయ్యా, ముందు జవాబు కొట్టు. నమస్కారాలు తర్వాత పెట్టుకోవచ్చు."

"గుమ్మంలో పలకరించకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోతామేంటి?"

"పోనీ నన్ను కొట్టనీ."

"నువ్వు కొడితే అది నీ మర్యాద అవుద్ది. నాదెలా అవుద్ది?"

"అయినా నల్లపిల్లికి గారేంటి? అది ఆవిడ పెట్టుకున్న ఉత్తుత్తి పేరు."

"తెలిసిన పిల్లైతే అదిలించొచ్చు. మనకి ముఖపరిచయం లేదు కదమ్మా."

ఇలా ఎన్ని ఆదివారాలు ఓడిపోయాడో. ఇస్త్రీ చొక్కా మాత్రం మానలేదు. ఒక ఆదివారం గొడుగు లోపలివైపు ఫొటో వచ్చింది. నల్లగుడ్డ, పుల్లలు, మధ్యలో కర్ర. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మావయ్య అక్షరాల మీదికి వంగి "గౌరవనీయులైన" దగ్గర మొదలుపెట్టాడు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరూ జవాబు చెప్పడం లేదు. అప్పుడు టైంపాస్ అనే ఆయన రాసిన మాట కనపడింది: "మావయ్యగారు గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్నారు. అందరూ కాస్త ఆగండి." (నేను ఆయన్ని మావయ్యా అంటానని తెలిసి, రూమంతా అలాగే పిలిచేది.) మావయ్య తలెత్తేలోపు ఆ వాక్యాన్ని పైకి జరిపేశాను. వాన, దగ్గు, క్షేమం అన్నీ అయ్యాక "ఇది గొడుగు అండి" అని ముగించాడు. చప్పట్లు మోగిపోయాయి.

"చూశావా! చదువుకున్నోళ్ళకి గొడుగు పట్టే అలవాటే పోయింది" అన్నాడు. ఆ మధ్యాహ్నం మారు అన్నం అడిగాడు.

వారమంతా ఆ కుండతోనే సరిపోయింది. అటక మీంచి దింపి, తడిగుడ్డతో తుడిచి, స్టూడియో అబ్బాయిని పిలిపించి ఫొటో తీయించాడు. బోర్లించిన కుండ వీపు, నల్లగా, నున్నగా. క్లూ కూడా తనే రాశాడు: "దీని వీపు మీద పుట్టేది నాలుక మీద పోతుంది." ఆదివారం బొమ్మ పెట్టాం. చంద్రలోకం అనే కుర్రాడు గ్రహణం అన్నాడు. టైంపాస్ గారు మా ఆఫీసరు గుండు అన్నారు. మావయ్య చేతులు రుద్దుకున్నాడు. అప్పుడు నల్లపిల్లి గారు రాశారు: "మావయ్యగారూ, ఎంత చూసినా తెలియట్లేదండి. కొంచెం సాయం చేస్తారా?"

మావయ్య వెంటనే కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకో క్లూ ఇస్తున్నాడనుకున్నాను. చివరికి పంపింది ఇది: "నమస్కారమండి. ఇది మా ఆవిడ పూతరేకులు తీసే కుండండి. బోర్లించి లోపల మంట పెట్టి, గుడ్డని పల్చటి బియ్యప్పిండిలో ముంచి వీపు మీద పరిచి తీస్తే రేకు వస్తదండి."

నేను తల పట్టుకున్నాను. "మావయ్యా! నెల రోజులన్నావు!"

"ఆవిడ సాయం అడిగిందిగా అమ్మడూ. తెలిసుండీ చెప్పకుండా ఎలా కూర్చుంటాం?"

నల్లపిల్లి గారు మళ్ళీ రాశారు: "అమ్మగారు పక్కనే ఉన్నారాండీ? ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చా?"

మావయ్య మళ్ళీ అక్షరాల మీదికి వంగాడు. ఒక్కొక్కటే నొక్కాడు. "పోయిన కార్తీకంలో పోయారండి." నమస్కారం లేకుండా ఆయన పంపిన మాట నేను చూసినంతలో అదొక్కటే.

తర్వాత నల్లపిల్లి గారే తీర్పు చెప్పారు. జవాబు ముందుగా చెప్పింది మావయ్యగారే కనుక గెలిచింది కూడా ఆయనే, వచ్చే వారం బొమ్మ ఆయనదే. మావయ్య ఆ నిబంధనని చాలా గౌరవించాడు. ఆ తర్వాతి వారం అదే కుండని, మంట పెట్టే కంత వైపు నుంచి తీయించి పెట్టాడు. చంద్రలోకం మళ్ళీ గ్రహణం అన్నాడు. ఎవరికీ తెలియలేదు. మావయ్యే చెప్పి మళ్ళీ గెలిచాడు. ఆపై వారం అంచు. ఆపై వారం పుట్టింటివాళ్ళు వేసిన గుర్తు. అలా నెల గడిచింది. ఏ వారం చూసినా ఎవరో ఒకరు అత్తయ్య గురించి ఏదో అడిగేవారు, మావయ్య ఒంటివేలితో చెబుతూ కూర్చునేవాడు. ఈ మధ్యలో ఎప్పుడో టీవీకి గొంతు కూడా వచ్చింది.

ఆ రూము మూతపడి చాలాకాలమైంది. వాళ్ళ అసలు పేర్లు నాకు తెలియవు, కాబట్టి మావయ్య పోయిన సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. మొన్న మా ఆఫీసు గ్రూపులో ఒకమ్మాయి ఏదో బొమ్మ పెట్టింది. దువ్వెన పళ్ళు, దగ్గర్నుంచి తీసినవి. చాలా రోజుల తర్వాత చెప్పాలనిపించింది. కళ్ళజోడు వెతుక్కుని, "అందరికీ నమస్కారం. అందరూ బాగున్నారనుకుంటాను. నిన్నటి ఎండకి..." అని రాస్తూండగానే అవతల జవాబు వచ్చేసి, ఇంకో రెండు బొమ్మలు కూడా అయిపోయాయి. అయినా మొత్తం రాసి, చివర్లో "ఇది దువ్వెన అండి" అని పెట్టి పంపాను.

"ఏంటి మేడమ్, ఉత్తరం రాశారా?" అంది ఆ అమ్మాయి.

అవునండి, అని రాశాను.