సారన్న అమ్మనన్న లెన్సు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సారన్న పేరు. ఎత్తితే ఆయన బిడ్డ రమ్య గొంతు.

"కాకా, బాపు లేడు."

ఏ బాపు అని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆదివారమే కదా కాజీపేటలో వాళ్ళ డాబా మీద ఇద్దరం చాయ్ తాగింది! హార్ట్ ఎటాక్ అట. దవాఖాన దాకా కూడా పోలేదట. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం: సారన్న ఫొటోగ్రాఫర్. ఫిల్మ్ రోజుల నాటి లెన్సులను రింగు పెట్టి డిజిటల్ కెమెరాకు బిగించేవాడు. చేత్తో ఫోకస్ తిప్పడానికి కళ్ళు సహకరించడం లేదని, రెండు ఉంచుకుని మిగతావి అమ్ముదామని ఆదివారం నన్ను పిలిచాడు. నాకు కెమెరా సంగతి ఏం తెలుసు? వాదించడానికి ఒక మనిషి కావాలి, అంతే.

ఫంగస్ పట్టకుండా లెన్సులన్నీ ఎండకు పెట్టాడు, వదిన ఆరబోసిన మిరపకాయల పక్కనే. ఊరేగింపులు తీసిన పొడుగు లెన్సు అమ్మకానికి. గ్రూప్ ఫొటోల వైడ్ లెన్సు ఇంటికి.

చిన్న ఫిఫ్టీ ఎంఎం లెన్సు దగ్గర చెయ్యి ఆగింది.

దాంతో చావు ఫొటోలు మాత్రమే తీసేవాడు. బతికుండగా ఒక్క ఫొటో దిగని కూలి మనుషులు ఎందరో. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, బొట్టు పెట్టి సారన్నకు కబురు పంపేవారు. ఆ ఇంటి గోడ మీద ఆ మనిషికి మిగిలేది అదొక్కటే.

అదే లెన్సు పెళ్ళికి తెస్తే మాత్రం తప్పు. ఒకసారి పెళ్ళివాళ్ళు బ్యాగు వెతికి మరీ బయట పెట్టించారు. గాజు ముక్కకు మైల! మనుషులకు అంటించింది చాలలేదు వీళ్ళకు.

పెళ్ళికి తీసుకుపో, ఏమవుతుందో చూద్దామని ఏళ్ళ తరబడి కొట్లాడాను.

"నువ్వు ఉపన్యాసమిచ్చి ఇంటికి పోతవ్ తమ్మీ. నేను మళ్ల ఆళ్ల గడపకే పోవాలె" అని నవ్వేవాడు.

ఆదివారం నవ్వలేదు. లెన్సును తుడిచి, ఉంచుకునే వైపు పెట్టాడు.

"దీన్ని మాత్రం అమ్మను. రమ్య పెండ్లి దీంతోనే తీస్త. పీనుగులను ఇంత మంచిగ చూసింది, నా బిడ్డను చూడదా?"

గెలిచానని ఇంటికి వచ్చేదాకా సంబరపడ్డాను.

నిన్న ఆ ఇంట్లో ఏం విన్నానో తెలుసా? శవం ఇంకా వాకిట్లోనే ఉంది, అప్పుడే గుసగుసలు. పీనుగుల లెన్సుతో బిడ్డ పెళ్ళి తీస్తానన్నాడు, అందుకే అది ఆయన మీదికే తిరగబడిందట. ఆయన బావమరిది దాన్ని ధర్మసాగర్ చెరువులో పారేసి వస్తానని చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆపకుండా కాల్చిన సిగరెట్లను, మింగకుండా వదిలేసిన బీపీ గోళీలను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేరం గాజు ముక్కదే.

నేను నోరు తెరిచేలోపే రమ్య లేచింది. అతని చేతిలోంచి లెన్సు తీసుకుంది.

"మామా, ఇది అమ్మేది లేదు, పారేసేది లేదు. నా పెండ్లి ఎప్పుడైతే అప్పుడు, దీంతోనే."

దాన్ని కెమెరాకు బిగించి నా చేతిలో పెట్టింది.

"కాకా, బాపుది తియ్యి."

ఫోకస్ ఎటు తిప్పాలో కూడా తెలియదు నాకు. అంతా మసక. లెన్సు మసకో, కళ్ళు మసకో. రమ్యే నా వేళ్ళు పట్టుకుని తిప్పింది.

మెల్లగా సారన్న మొహం తేటపడింది.

ఇక నీకు ఎవరూ కబురు పంపరు సారన్నా. నిమ్మళంగా పడుకో.