జాంగిల్ అత్త పితికిన ఆఫీసరు

ముప్పై ఏళ్లుగా జాంగిల్ అత్త చేసింది ఒక్కటే పని, గుర్రాల పాలు పితకడం. మా కిర్గిజ్ కొండల్లో ఆ పాలని కుమిస్‌గా పులియబెట్టుకు తాగని ఇల్లుండదు. అయినా తన్నే గుర్రం ఎదురైతే ఊరంతా ఆమెనే పిలుస్తుంది. ఆమెకు చదువు అబ్బలేదు. ముందు పళ్లు మూడు ఒక గుర్రం పట్టుకుపోయింది.

ఆ ఏడు మే నెల సగం గడిచినా మాకు కొండ మేతకు అనుమతి రాలేదు. ఇంకో వారం ఆలస్యమైతే పక్క లోయ మందలు పై గడ్డంతా మేసేస్తాయి, మా నలభై గుర్రాలు ఎండిపోతాయి. ఐదు కాగితాల మీద సంతకాలు పెట్టాల్సింది భూముల ఆఫీసులో ఒరోజ్. ఊపిరి పీల్చడం కూడా ఉద్యోగంలో భాగమనుకునే మనిషి. ఊళ్లో పుస్తకాలు చదివింది నేనొక్కణ్ణే కాబట్టి చట్టం సెక్షన్లు వేసి మూడు అర్జీలు రాశాను. నాలుగోదాంట్లో పైకి ఫిర్యాదు చేస్తానని బెదిరించాను. ఆయన దాని మీద టీ గిన్నె పెట్టుకున్నాడు.

"రేపు నేనొస్తా," అంది అత్త.

"అక్కడ చట్టం మాట్లాడాలత్తా. నీకేం తెలుసు?"

"నోర్మూసుకుని సంచీ మోయి."

మర్నాడు ఒరోజ్ గదిలోకి వెళ్లాక ఆమె కాగితాలు తియ్యలేదు. తలుపు వెనక దుమ్ము పట్టిన ఫొటో చూసింది. అందులో ఒక కుర్రాడు గుర్రం మీంచి వంగి, ఆటలో మేక కళేబరాన్ని లాక్కుపోతున్నాడు.

"ఇది నువ్వేనా ఒరోజ్? ఆ నడుమేమైంది?"

"జిల్లా పోటీలక్కా. ఆ తెల్ల గుర్రం ఉందే..." ఆయన ముఖం వెలిగింది.

ఆమె ఫొటో దించి, తలగుడ్డ అంచుతో తుడిచి, సరిగ్గా ఆయన కళ్లెదుట బల్ల మీద నిలబెట్టింది. తెల్ల గుర్రం కథ నడుస్తుండగా ఒక కాగితం ముందుకు జరిపింది. సంతకం పడింది. వెంటనే లేచి బయటికొచ్చేసింది.

"ఇంకా నాలుగున్నాయి కదా?" అన్నాను.

"అన్నీ ఒకేసారి పిండితే తంతుంది. రెండు గంటలాగు."

ఆ పగలు ఐదుసార్లు వెళ్లింది. ఐదోసారి ఒరోజే టీ పోసిచ్చాడు, ముద్ర కూడా తనే గుద్దాడు.

దారిలో అత్త చెప్పింది: "పిల్లని పొదుగు దగ్గరికి తెస్తే తల్లి చేపుతుంది, పాలు దిగుతాయి. అప్పుడు పిల్లని పక్కకి లాగి కళ్లెదుటే నిలబెట్టాలి. అది కనపడినంతసేపే పాలు."

"మరి నా అర్జీలు?"

"నువ్వు వెనకనించి పోయావురా. తన్నదూ?"

గురువారం మందలు కొండెక్కాయి. అత్త నన్ను గుర్రప్పిల్లల్ని పట్టుకోవడానికి పెట్టింది. అర్జీలు రాయమని ఇంకా ఎవరూ పిలవలేదు.