పోలమ్మ ఓడెక్కిన వేసవి

2024 ఫిబ్రవరి. ద్వారకా నగర్‌లో నేను ట్రావెల్ ఆఫీసు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. తిరుపతి బస్సులతో మొదలుపెట్టినదాన్ని, ఇప్పుడు క్రూయిజులు కూడా అమ్ముతున్నాను. క్రూయిజ్ అంటే ఓడలోనే తింటూ, పడుకుంటూ, రోజుకో రేవులో దిగి ఊరు చూసి రావడం. మన మే నెల ఉక్కపోత పడలేని డాక్టర్లు, స్టీలు ప్లాంటులో రిటైరైనవాళ్లు చల్లటి ఉత్తర తీరాల గురించి అడుగుతుంటారు. ఎల్లాజీ గారి లాంటి మనిషి మాత్రం అంతకుముందు మా మెట్లెక్కలేదు.

ఆయన ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు బోటు నడిపిన సరంగు. మోకాళ్లు అరిగి రెండేళ్ల క్రితం మానేశారు. పరవాడ మందుల కంపెనీలో కెమిస్టుగా చేస్తున్న కూతురు గౌరి, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మా నాన్నకి చల్ల సముద్రం చూడాలనుంది మేడమ్" అంది.

"బోటెల్లే ముందు ఐసు కొట్టించి నింపుకునీవోలమమ్మా" అన్నారాయన. "అక్కడ కొండల మీదే ఉంతాదంట కదా, ఊరికినే. అది సూడాల."

నార్వే తీరం వెంట పది రోజుల ప్రయాణం చూపించాను. దానికి షెంగెన్ వీసా చాలు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. గదుల్లో ఇన్‌సైడ్ క్యాబిన్ అని ఒకటుంటుంది, దానికి కిటికీ ఉండదని చెప్పేసరికి ఆయన పగలబడి నవ్వారు. "సముద్రం మీదకెల్లి గోడ సూత్తామేటమ్మా?" బాల్కనీ ఉన్న గది ఖాయమైంది. ఆయన భార్య పోలమ్మ గారు ఎర్ర చీరలో కుర్చీ అంచున కూర్చుని అంతా విన్నారు. ఆమె మాట్లాడలేదు, నేనూ ఆమెను ఏమీ అడగలేదు.

తర్వాత వారానికో అడ్డంకి మొదలైంది. గౌరి ఫోన్ చేసి అమ్మకి చలి పడదంటుంది. లోపల వేసుకునే ఉన్ని బట్టలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాను. అక్కడి తిండి పడదంటుంది. ఓడలో అన్నం, పప్పు పెట్టేలా రాయించాను. అమ్మకీ మోకాళ్ల నొప్పులంటుంది, వీల్‌ఛైర్ మాట్లాడాను. దేనికైనా నా దగ్గర మందుందని తెగ మురిసిపోయాను కూడా. ఇంక నాలుగు రోజుల్లో ఫైనల్ పేమెంట్ డేట్ అనగా, అంటే అది దాటాక వెనక్కి తగ్గే వీలుండదన్న మాట, గౌరి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "అమ్మ రానంటే రానంటోంది మేడమ్. 'అది రాకపోతే నానూ ఎల్ల'నంటున్నాడు నాన్న."

నాకు ఒళ్లు మండింది. ఆమెనే నేరుగా అడిగేద్దామని మర్నాడు పొద్దున్నే హార్బర్‌కి వెళ్లాను. పోలమ్మ గారు ఎండు చేపలు తిరగేస్తున్నారు. ఆ రోజూ ఎర్ర చీరే.

"ఎప్పుడూ ఎరుపేనా అమ్మా?" అన్నాను, మాట కలపడానికి.

"మా ఇంటాయనకి ఆ రంగంటే పిచ్చి. యేడాదికోటి తెచ్చీవోడు."

"అసలు సంగతి చెప్పండి. చలికి భయమా, నీళ్లకి భయమా?"

"నీల్లకి భయమేటమ్మా, నాను ఈ ఇసకలో పుట్టినదాన్ని" అని నవ్వి, చేతిలో చేప కింద పెట్టారు. "మా ఆడోల్లు బోటెక్కరు. ఎక్కితే కీడంతారు. నలబై ఏల్లు జెట్టీ మీద నిలబడే క్యారేజీ అందించినాను, బోటు మీద సెయ్యి కూడా ఎయ్యనేదు. పెతిసారీ మనిసి తిరిగొచ్చీసినాడు. ఇప్పుడు నానెక్కి, ఆయనకేటైనా అయితే?"

"ఈ మాట ఆయనకి చెప్పొచ్చు కదా."

"సెప్తే ఎల్లడు. ఆయనకి సూడాలనుంది. సలి, మోకాల్లు అనీసి నాను తప్పుకుంటే ఒక్కడే ఎల్తాడనుకున్నాను."

ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా అనబోయి నాలుక కరుచుకున్నాను. నలభై ఏళ్లు మొగుణ్ణి ఆ నియమంతోనే కాపాడుకున్నానని నమ్మిన మనిషికి నేనేం చెప్పను? ఫోన్‌లో ఓడ ఫొటోలు తెరిచి చేతికిచ్చాను. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చాలాసేపు చూశారు.

"వల ఏదమ్మా?"

"వల ఉండదు."

"సేపలు పట్టరా?"

"పట్టరు. రేవులో కొని వండుతారు."

ఆమె నోరు తెరిచి నన్ను చూశారు. "సేపలు కొనుక్కునే ఓడా! అయితే అది బోటు కాదమ్మా, లాడ్జీ!" తర్వాత నవ్వు ఆపి, "గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి ఓ మాట సెప్పుకుంతాను" అన్నారు. సాయంత్రం గౌరి ఫోన్ వచ్చింది. అమ్మ బయల్దేరుతోందట.

జూన్‌లో వెళ్లారు. జులైలో ఎండు నెత్తళ్ల చేపల పొట్లంతో ఇద్దరూ మా ఆఫీసుకి వచ్చారు. ఎల్లాజీ గారు కొండల మీద ఐసు చూశారట; మన ఐసు కంటే నీలంగా ఉందన్నారు. ఈసారి మాత్రం ఎక్కువ మాట్లాడింది పోలమ్మ గారే.

"బాల్కనీలోంచి సూత్తే రేవులో జనం సేతులూపుతన్నారు. సీమలంత ఉన్నారమ్మా! ఎవరి మొకమూ తెలీదు. ఈయన బోటొచ్చినప్పుడల్లా నాను జెట్టీ సివర నిలబడీదాన్ని. అల్లంత దూరం నుంచే నిన్ను సూసినానే అనీవోడు. నలబై ఏల్లు నమ్మినాను. అంతా అబద్దం!"

ఎల్లాజీ గారు తన అరచేతులు చూసుకున్నారు. నెమ్మదిగా అన్నారు: "మొకం కాదే. ఎరుపు. అంత దూరం నుంచి అదొక్కటే కనపడతాది. అందుకే నీకా సీరలు తెచ్చీవోన్ని."

పోలమ్మ గారు తన కొంగు వైపు చూసుకున్నారు. "రంగు పిచ్చనుకున్నాను" అన్నారు. "ఇన్నేల్లలో ఒక్కసారైనా సెప్పినావా?"

"నువ్వడిగినావేటి?"

నేను కూడా ఆమెను అడగలేదు కదా. ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి చలికీ, తిండికీ, మోకాళ్లకీ ఏర్పాట్లు చేసుకుంటూ పోయాను. ఇప్పుడు ఎవరు జంటగా వచ్చినా, మాట్లాడకుండా కూర్చున్నవాళ్ల వైపే ముందు నా కుర్చీ తిప్పుతాను.