కోడికి పట్టీలు

ఆ రోజుల్లో మా తొండుపల్లి చుట్టుపక్కల ఆకలేసినవాడికి రెండు రకాల తలుపులుండేవి. ఒకటి అసలు లేని తలుపు, అంటే మిర్చి బజ్జీల బండి, రేకుల కింద చాయ్ హోటలు. అక్కడ ఎవడు ఏం తింటున్నాడో ఊరంతటికీ తెలిసేది. రెండోది అద్దం తలుపు. విమానాశ్రయం వచ్చాక హైవే పొడుగునా వానాకాలం కుక్కగొడుగుల్లా లేచిన బర్గర్ల దుకాణాలు, కాఫీ దుకాణాలు అన్నిటికీ అదే తలుపు. లోపలి మనుషులు బయటికి కనిపిస్తారు కానీ వాళ్ళు తినేదేమిటో కనిపించదు, కాగితంలో చుట్టి ఉంటుంది. నేనప్పుడు ఒక సేటు దగ్గర కారు నడిపేవాణ్ణి. విమానం దిగినవాళ్ళు దారిలో ఆపమంటే ఆపి, వాళ్ళు లోపల తింటుంటే నేను బయట కారుకు ఆనుకుని కాల్చిన మక్కకంకి తినేవాణ్ణి. వాళ్ళు నన్ను చూసి ఏమనుకునేవారో తెలియదు. నేను మాత్రం వాళ్ళను చూసి పాపం అనుకునేవాణ్ణి, అంత దూరం విమానమెక్కి వచ్చి కాగితం నములుతున్నారు కదా అని. నా పెళ్ళి సంగతి కూడా ఆ అద్దాల వెనకే తేలుతుందని అప్పుడు ఎవరైనా చెబితే, వాళ్ళను కూడా కారెక్కించుకుని దవాఖానలో దింపేవాణ్ణి.

నా పెళ్ళికి అడ్డం నా నోరే. స్నేహితులు నన్ను రేడియో అనేవారు. (మా మేనత్త ఆ మాట ఒప్పుకోదు. రేడియోకు మీట ఉంటుందని ఆమె వాదన.) అప్పటికే మూడు సంబంధాలు వచ్చి, నా నోటి గాలికే ఎగిరిపోయాయి. ఒకచోట పిల్ల తాత "కారు సొంతమేనా" అని అడిగితే, "స్టీరింగ్ మీద చేతులు సొంతం, మిగతాది సేటుది" అన్నాను. ఇంకోచోట పిల్ల తల్లి "ఏమన్న అలవాట్లున్నయా నాయనా" అని మెల్లగా అడిగితే, "తిండి అలవాటుంది, మానలేకపోతున్న" అన్నాను. మూడోచోట ఏమన్నానో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ చెప్పుకోరు. అమ్మ కంట నీళ్ళు పెట్టుకుంది. బాపు నాతో మాటలు తగ్గించాడు. నాలుగో సంబంధం కూడా పోతే ఇక తన మొహం చూపించుకోలేనని, ఊళ్ళో ఎవరి పెళ్ళికీ వెళ్ళనని మేనత్త ఒట్టు పెట్టింది. (పెళ్ళి భోజనాలంటే ప్రాణం పెట్టే మనిషి. కాబట్టి ఆ ఒట్టు బరువు మీరే లెక్క వేసుకోండి.)

ఆ నాలుగోది బుద్వేల్ సంబంధం. పిల్ల డిగ్రీ చదివి, గగన్‌పహాడ్‌లో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తోంది. తల్లి లేదు, తండ్రికి పాల వ్యాపారం, ఇంటినిండా బర్రెలు. అంతా బాగుంది కానీ పిల్ల ఒక మెలిక పెట్టింది. చూపులకు ఇంటికి రావద్దట, హైవే మీది బర్గర్ల దుకాణానికి రావాలట. ఈ కబురు వినగానే అత్త చీర కొంగు నడుముకు చెక్కి, "పిల్లను చూడనికి పోతున్నమా, సినిమాకు పోతున్నమా" అంది. అయినా వెళ్ళక తప్పదు. ముగ్గురం వెళితే పని చెడుతుందని అమ్మ ఆగిపోయింది. బాపుకు అద్దం తలుపులంటేనే పడదు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం నేనూ, నన్ను కాపలా కాయడానికి అత్తా సేటు కారులో బయలుదేరాం. దారి పొడుగునా ఒకటే పాఠం. "ఇగో, చెప్తున్న ఇను. ఆడ నోరు తెరిస్తే తినేటందుకే తెరువాలె. ఏమన్న అడిగితే నేను చెప్త. నువ్వు నవ్వకు, నవ్వియ్యకు." నేను సరేనని తల ఊపాను. ఆ తల ఊపడం కూడా వెటకారంగా ఉందని ఒక మొట్టికాయ వేసింది.

దుకాణం మెట్ల దగ్గర అత్త చెప్పులు విడిచింది. "అత్తా, ఈడ విడువరు" అని చెప్పబోయి మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. తీరా చూస్తే ఆమె విడిచిన చోట అప్పటికే ఒక మగ చెప్పుల జత బుద్ధిగా కూర్చుని ఉంది. పిల్ల తండ్రి వచ్చేశాడని అర్థమైంది. మేం సరైన మనుషుల దగ్గరికే వచ్చామని నాకు కొంత ధైర్యం కూడా వచ్చింది.

లోపల ఒక మూల బల్ల దగ్గర తెల్ల చొక్కా, గుబురు మీసాలతో ఆయన ఏసీ చలికి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పిల్ల. తల వంచుకుని లేదు, మమ్మల్నే చూస్తోంది. నేనే ఎటు చూడాలో తెలియక గోడ మీది బర్గర్ బొమ్మను చూశాను. అత్త ఉండబట్టలేక, "ఇంట్ల సక్కగ చాయ్ తాగుకుంట చూసుకుంటుంటిమి గద బిడ్డా, ఈడికెందుకు" అంది. "ఇంట్లయితే నేను నేలను చూడాలె, మీరు నన్ను చూడాలె అత్తమ్మా. ఈడయితే అందరం బోర్డు చూస్తం" అని పిల్ల నవ్వకుండా చెప్పింది. అత్తమ్మా అన్న పిలుపు అత్తకు నచ్చింది, మిగతాది నచ్చలేదు. "ఈడ తెచ్చి పెట్టేటోళ్ళు ఉండరు. మీరే పోయి చెప్పి రావాలె" అని పిల్ల నాకు కౌంటర్ చూపించింది. నేను లేచాను. నా నోరు ఒంటరిగా వెళ్ళడం క్షేమం కాదని అత్త కూడా లేచింది.

కౌంటర్ వెనక టోపీ పెట్టుకున్న అమ్మాయి, మాటను బట్టి గుంటూరు వైపు మనిషి, "చెప్పండి సార్, ఏం తీసుకుంటారు" అంది. సేటు మనుషులతో సహా నన్ను అంతవరకు సార్ అన్నవాళ్ళు లేరు. సగం కడుపు అక్కడే నిండింది. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి బొమ్మల్లో పెద్దదాని వైపు వేలు చూపించి "గవి నాలుగు" అన్నాను. "చికెన్ బర్గరాండీ? సింగిల్ పట్టీయా, డబుల్ పట్టీయా?" అని అడిగింది. నాకు తెలిసిన పట్టీలు రెండే. ఒకటి ఆడవాళ్ళు కాలికి పెట్టుకునేది, రెండోది దెబ్బ తగిలితే దవాఖానలో కట్టేది. ఈ రెండిట్లో ఏది అడుగుతోందో తేల్చుకోలేక నిలబడ్డాను.

"ఏంది, ఏమంటుంది గీ పిల్ల" అంది అత్త.

"పట్టీలు ఒకటా రెండా అంటుంది."

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పిల్ల నచ్చి మాట ఖాయమైన రోజు మగపిల్లవాడి తరఫువాళ్ళు పిల్ల కాళ్ళకు వెండి పట్టీలు పెడతారు. చూపుల మీద ఉన్న అత్త బుర్రలోకి పట్టీలన్న మాట వెళితే అది ఇంకో దారిన ఎలా బయటికి వస్తుంది? మొహం కందగడ్డలా చేసుకుని బల్ల వైపు తిరిగి, దుకాణం మొత్తం వినేటట్టు అందుకుంది.

"ఏందన్నా, పిల్లను ఇంక కండ్ల నిండ చూడనే లేదు. అప్పుడే పట్టీలు అడిగిపిస్తున్నవ్?"

మీసాలాయన చంకల్లోంచి చేతులు తీశాడు. "పట్టీలా? ఎవరడిగిన్రు చెల్లె?"

"గా టోపీ పిల్లతోని అడిగిపిస్తివి గద. అడిగితే అడిగినవ్, గా సింగిల్ పట్టీ ఏంది? మేం ఒక్క కాలికి పెట్టి పంపేటోళ్ళ లెక్క కనవడుతున్నమా?"

ఆయన లేచి నిలబడ్డాడు. "మాట జర చూసి మాట్లాడు చెల్లె. బర్రె మెడల గంట గూడ నేను ఒకల్ని అడిగినోన్ని గాను. నా బిడ్డ కాళ్ళకు పట్టీలు నేను చేపియ్యలేననుకున్నవా?"

పక్క బల్లల మీద నమలడం ఆగిపోయింది. నా నాలుగో సంబంధం చెప్పులేసుకుని మెట్లు దిగుతున్నట్టే అనిపించింది. ఈసారి నేను నోరు తెరవకుండానే పోతోంది, అదొక్కటే తేడా. కౌంటర్ అమ్మాయి కంగారుపడి, "అయ్యో, కాళ్ళకు కాదండీ. చికెన్ పట్టీ అండీ" అంది. దాంతో గొడవ తీరలేదు. అందరం ఆలోచనలో పడ్డాం. అత్త గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "కోడికి పట్టీలేందమ్మా" అని అడిగింది.

అక్కడ తప్పాను అత్తకిచ్చిన మాట. "అత్తా, ఇవి నాటుకోళ్ళు గావు, పట్నం కోళ్ళు. పట్టీల సప్పుడు లేకుంటే గుడ్డు గూడ పెట్టవు. డబుల్ అంటే రెండు కాళ్ళకు పెట్టింది. సింగిల్ అంటే కుంటిది."

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. అత్త నా రెక్క మీద పెట్టిన గిచ్చుడు వారం రోజులు నల్లగా ఉంది. కానీ అదే సమయంలో నీళ్ళు తాగుతున్న పిల్లకు పొలమారింది. ఆ నీళ్ళన్నీ తండ్రి తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆయన చొక్కా చూసుకున్నాడు, బిడ్డను చూశాడు, "లే బిడ్డా, పోదాం" అన్నాడు. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "ఆకలైతుంది బాపు. తిన్నంక అలుగుదువు గని, కూసో" అంది. ఆయన కూర్చున్నాడు. (ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకు ముందే తెలిసిపోయింది. అయినా నేను పాఠం నేర్చుకోలేదు.) పట్టీ అంటే కోడి ఖీమాను గుండ్రంగా తట్టి వేయించినదని కౌంటర్ అమ్మాయి ఓపికగా చెప్పింది. అత్త ఒక్క క్షణం ఆలోచించి, "వడ అంటే అయిపోవు గద" అని తీర్పు చెప్పి వచ్చేసింది.

కాసేపటికి మా నంబరు పిలిచారు. నాలుగు బర్గర్లు, నాలుగు కోలా గ్లాసులు ఒకే ట్రేలో పెట్టి నా చేతికిచ్చారు. గ్లాసులు నిండుగా ఉన్నాయి. తల వంచి, కళ్ళు ట్రే మీద పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ బల్ల దాకా నడిచాను. పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్ను పాదాల నుంచి పైకి, తల నుంచి కిందికి చూసింది. లోకంలో చూపులకు ట్రే పట్టుకుని వచ్చిన పెళ్ళికొడుకును నేనే అయ్యుంటానని అప్పుడు వెలిగింది. అత్తకూ వెలిగింది. నెత్తి కొట్టుకుంది.

"పేరేంది?" అని అడిగింది పిల్ల. చెప్పాను.

"వంట వస్తదా?"

అత్త వైపు చూశాను. ఇక దాచేదేముందన్నట్టు ఆమె మొహం తిప్పుకుంది. "ఆమ్లెట్ వస్తది. తిప్పేస్తుంటె విరిగితే పొరుటని చెప్పి పెడత."

"పాట?"

"కారుల ఎఫ్ఎం పాడుతది. నేను తాళం వేస్త."

"ఇగ నడిపిచ్చి గూడ చూస్తవా బిడ్డా" అంది అత్త పుల్లవిరుపుగా. "చూసిన అత్తమ్మా. ట్రే పట్టుకొని మంచిగనే నడిచిండు" అంది పిల్ల. మీసాలాయన దగ్గినట్టు నటించాడు. మీసాల కింద ఏదో కదిలింది.

"ఏం చదివిన్రు?"

దీనికి నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండే జవాబుంది. "ఎనిమిది దాంక. తొమ్మిదిల లెక్కల సారు, నేను, ఇద్దర్ల ఒక్కలే ఉండాలన్నరు. సారుకు పెండ్లాం పిల్లలుండె, పోనీ అని నేనే వచ్చేసిన."

అందరూ నవ్వే చోటు అది. పిల్ల నవ్వలేదు. "ఇది జోకా, నిజమా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ఆ ఏడు బాపు నడుము పడిపోయి మంచమెక్కాడు, చేను ఆగలేదు, నేను ఆగిపోయాను. ఆ ముక్క చెబితే జనం జాలిపడతారు, జాలిపడ్డవాళ్ళు నవ్వరు. అందుకే సారును కల్పించుకున్నాను.

"సారు ముచ్చట జోకు. ఎనిమిది నిజం" అన్నాను.

ఆ తర్వాత ఇంకేం అనాలో తోచలేదు. పైన విమానమేదో దిగుతోంది, అద్దాలు సన్నగా అదిరాయి. డిగ్రీ చదివిన పిల్ల, ఎనిమిది చదివిన నేను, మధ్యలో చల్లారుతున్న నాలుగు బర్గర్లు. చివరికి పిల్లే కాగితం విప్పి, తండ్రికి ఎటు వైపు నుంచి కొరకాలో చూపించింది. అత్త ఆ గొడవేమీ పెట్టుకోకుండా బర్గర్‌ను మూడు భాగాలుగా విడదీసి, రొట్టె తుంపి వడతో నంజుకుంటూ, "ఉల్లిగడ్డ, నిమ్మకాయ ఉంటే మంచిగుండు" అంది. నేను ఏం తిన్నానో నాకు తెలియదు. కాగితం కూడా కొంత తినే ఉంటాను.

తిన్నాక మీసాలాయన మూతి తుడుచుకుని బిడ్డను సూటిగా అడిగాడు. "ఇగ చెప్పు, ఏం జేద్దాం?"

"ఇంకోపారి వద్దాం బాపు."

"గీ రొట్టె కోసమా?"

"రొట్టె కోసం గాదు" అంది పిల్ల.

అత్తకు ఆ జవాబు అర్థం కావడానికి కారు దాకా నడవాల్సి వచ్చింది. అర్థమయ్యాక నా రెక్క మీద, గిచ్చిన చోటే, చేత్తో నిమిరింది.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. పిల్ల మాత్రం మా ఇంట్లోనే ఉంది. మొన్న ఎందుకో ఆ ముచ్చట వచ్చి, "నా కోడి జోకుకు పడిపోయినవ్ గద" అన్నాను కొంచెం గర్వంగా. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే, "నవ్విచ్చినోన్నల్ల పెండ్లి చేసుకుంటే సర్కస్ జోకరుకు ఎందరు పెండ్లాలుండాలె" అంది. మరెందుకు ఒప్పుకున్నావని అడిగాను. "ఎనిమిది నిజం అని ఊకున్నవ్ చూడు. అప్పుడు కనవడ్డవ్. గంతసేపు నువ్వు సప్పుడు చెయ్యకుండ కూసున్నది మళ్ళ ఇంతవరకు చూడలె."

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మంచి జవాబే. కానీ అద్దాల వెనక మాట తోచక కూర్చున్న ఆ పిల్లగాడు గుర్తొచ్చాడు. వాడు నాకు కూడా ఎప్పుడో గానీ కనిపించడు. వాడి మీద ప్రేమకొద్దీ జవాబు మింగేసి, ఆమె పక్కన కూర్చుని నేనూ నాలుగు చిక్కుడుకాయలు అందుకున్నాను. సగం కూడా ఒలవలేదు, ఆమె చేతిలో పని ఆపి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమైంది, పానం మంచిగ లేదా?"